రాత్రి పదకొండు దాటాక వచ్చే వాసన ఎవరి పరిధి?

హైదరాబాద్ శివార్లలోని బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్, అమీన్‌పూర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు చలికాలం రాత్రుళ్లు వచ్చే రసాయనాల ఘాటు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కిటికీలు మూస్తారు, పిల్లలు దగ్గుతూ లేస్తారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మీకూ వస్తోందా?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. పొద్దున మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే "అది కంపెనీల వాసనండీ, పీసీబీకి చెప్పండి" అంటారు. పీసీబీ (రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి) నుంచి మనిషి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి గాలి మామూలుగానే ఉంటుంది. సాయంత్రానికల్లా ఫిర్యాదు పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. మళ్లీ ఇంకోసారి రాసే ఓపిక చాలామందికి ఉండదు.

చట్టం లేక ఇలా జరగడం లేదు. వాసన మీద చర్య తీసుకునే అధికారం మన దగ్గర ఒకరికి కాదు, ఐదారుగురికి ఉంది. అందువల్లే ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం కుదురుతోంది. ఏ వాసన ఎవరి లెక్కలోకి వస్తుందో తెలుసుకుని, ఆ రాత్రి ఏం జరిగిందో తేదీ, టైముతో సహా కాగితం మీద పెడితే ఆ నెట్టుడు చాలావరకు ఆగుతుంది.

ముందు గాలి సంగతి. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాంతో పాటు పొగా వాసనా పైకి పోయి చెదిరిపోతాయి. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన ఉన్నది కాస్త వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతలా పనిచేస్తుంది. కింద వదిలిన ఆవిరి పైకి పోలేక, పెద్దగా గాలి కూడా లేక, పల్లం వైపు, కాలనీల వైపు మెల్లగా పాకుతుంది. అందుకే ఒకే ఫ్యాక్టరీ రోజంతా ఒకేలా నడిచినా రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము దాకే ముక్కు పగిలిపోతుంది. రాత్రి ఎవరూ చూడరన్న ధైర్యంతో వదిలేవాళ్లు ఉంటే అది దీనికి తోడవుతుంది. మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన ఉద్యోగికి వాసన తగలకపోవడంలో ఆయన అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు, ఆయన వచ్చిన టైమే తప్పు. హైదరాబాద్‌లో పీసీబీ రాత్రి గస్తీ బృందాలను పెట్టాల్సి వచ్చింది కూడా ఇందుకే.

రెండో చిక్కు ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ. "మీ ఏరియాలో ఏక్యూఐ 80 ఉంది, బాగానే ఉంది కదా" అన్న జవాబు విననివాళ్లు అరుదు. ఆ అంకె దుమ్ము కణాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం అనే కొద్దిపాటి జాబితా నుంచి వస్తుంది. 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లో మొత్తం 12 కాలుష్యకాలు ఉన్నాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటిలో లేదు. మందుల కంపెనీల్లో వాడే సాల్వెంట్లలో చాలావాటికి కూడా చోటు లేదు. మన ముక్కు కొన్ని వాయువులను వంద కోట్ల భాగాల్లో ఒకటి రెండు భాగాలున్నా పసిగట్టేస్తుంది. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు కాబట్టి లీకైతే తెలియాలని అందులో మెర్‌కాప్టాన్ కలుపుతారు. అది చిటికెడంత ఉన్నా ఇల్లంతా తెలిసిపోతుంది. కాబట్టి ఏక్యూఐ బాగున్న రాత్రే వాసన భరించలేనంతగా ఉండొచ్చు. ఈ రెండింటికీ పొంతన ఉండాలన్న నియమం ఏమీ లేదు. అధికారి ఏక్యూఐ చూపించి ఫిర్యాదు మూసేస్తే, ఆ యంత్రం ఏ వాయువులను కొలుస్తుందో రాతపూర్వకంగా అడగండి.

వాసనకంటూ దేశమంతటికీ వర్తించే పరిమితి మనకు లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన నియంత్రణపై మార్గదర్శకాలు తెచ్చింది గానీ, అవి కట్టుబడి తీరాల్సిన ప్రమాణంగా మారలేదు. ఇది పెద్ద లోటేనని నా అభిప్రాయం. అయితే దీన్ని సాకుగా చూపి చేతులెత్తేయడం కుదరదు. 1981 నాటి వాయు చట్టం మనుషులకు, జీవాలకు, ఆస్తికి హాని చేసే మోతాదులో గాలిలో ఉన్న ఏ పదార్థాన్నైనా కాలుష్యకంగానే చూస్తుంది. వాసన శూన్యంలోంచి రాదు, దాన్ని మోసుకొచ్చేది ఏదో ఒక పదార్థమే. ఇక శిక్షాస్మృతిలో వాతావరణాన్ని ఆరోగ్యానికి హానికరంగా మార్చడం విడిగా నేరం. పాత ఐపీసీలో అది 278వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 280. జరిమానా వెయ్యి రూపాయలకు మించదు కాబట్టి దాన్ని నమ్ముకుని పెద్దగా లాభం లేదు. అసలు పట్టు వేరే చోట ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఈలోగా ఒక హెచ్చరిక. వాసనతో పాటు కళ్లు మండి, ఊపిరి అందక, తల తిరుగుతుంటే అది ఫిర్యాదు రాసే సమయం కాదు. ఇంట్లోవాళ్లను తీసుకుని గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా దూరం వెళ్లి 112కు ఫోన్ చేయాలి. వంటగ్యాస్ లీకైతే 1906. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ ఆర్ఆర్ వెంకటాపురాన్ని ఎలా ముంచేసిందో అందరం చూశాం. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. మోతాదు బాగా పెరిగితే అది వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు, వాళ్లను కాపాడబోయినవాళ్లు ఒకరి వెనక ఒకరు పడిపోవడంలో ఈ వాయువు పాత్ర పెద్దది. వాసన తగ్గింది కదా అని అక్కడే నిలబడకూడదు.

ఇక ఎవరి పరిధి ఏది అన్న ప్రశ్న. ఇక్కడే ఎక్కువ ఫిర్యాదులు దారి తప్పుతాయి.

చెత్తకుప్ప, చచ్చిన జంతువు, చికెన్ షాపు వాళ్లు రాత్రి నాలాలో పడేసిన వ్యర్థాలు, హోటల్ వంటగది పొగగొట్టం పక్కింటి కిటికీలోకి తిప్పి పెట్టడం, వీధి చివర టైర్లు కాల్చడం, ఇవన్నీ మున్సిపాలిటీవే. షాపుకు ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేదీ, రద్దు చేయగలిగేదీ అదే. ఇలాంటి ఫిర్యాదులో "వాసన వస్తోంది" అని మాత్రమే రాస్తే పారిశుద్ధ్య కార్మికులు వచ్చి బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్తారు. "ఫలానా షాపు ట్రేడ్ లైసెన్స్ షరతులు పరిశీలించండి" అని రాస్తే అది శానిటరీ ఇన్‌స్పెక్టర్ పైస్థాయికి వెళ్తుంది. చెత్త తగలబెట్టడం మీదైతే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేల రూపాయలు వసూలు చేయాలని చెప్పింది. ఈ మాట ఫిర్యాదులో ఉంటే మంచిది.

మురుగు కంపు వేరు. హైదరాబాద్‌లో డ్రైనేజీ లైన్లు, మురుగు శుద్ధి కేంద్రాలు జలమండలివి, దాని నంబరు 155313. వాననీటి నాలాలు కార్పొరేషన్‌వి. నాలాలో మురుగు కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఇద్దరూ "మాది కాదు" అనడానికి వీలుంటుంది. అక్కడ ఇద్దరికీ ఒకే లెటర్ రాసి, ఒకరి కాపీ మరొకరికి పంపడమే మందు. చిన్న పట్టణాల్లో ఈ బాధ లేదు, రెండూ మున్సిపాలిటీవే.

ఊళ్లలో కోళ్ల ఫారం కంపు, ఈగలు, రైస్‌మిల్లు ఊక బూడిద, ఉప్పుడు బియ్యం నానబెట్టిన నీళ్లు పులిసిన వాసన ముందుగా పంచాయతీ కార్యదర్శి ముందుకు రావాల్సినవే. కానీ మిల్లులకు, పెద్ద ఫారాలకు పీసీబీ అనుమతి కూడా కావాలి. అందువల్ల పంచాయతీతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోకూడదు. గ్రామసభలో తీర్మానం చేయిస్తే పీసీబీకి రాసే లెటర్‌కు బలం వస్తుంది.

ఫ్యాక్టరీ పొగ, రసాయనాల వాసన పీసీబీ పని. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ప్రభుత్వ పారిశ్రామికవాడల్లో చాలాచోట్ల మున్సిపాలిటీ అధికారాలు మున్సిపాలిటీ చేతిలో ఉండవు. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద ఏర్పాటైన ఐలా అనే స్థానిక సంస్థ అక్కడ పన్నులు వసూలు చేస్తుంది, రోడ్లు, డ్రైనేజీ చూసుకుంటుంది. ఎస్టేట్ లోపలి మురుగు కాలువలోంచి వాసన వస్తుంటే ఎన్నిసార్లు మున్సిపాలిటీకి రాసినా కదలిక రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. కాబట్టి ఫ్యాక్టరీ వాసన అయితే పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలోని ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరుకు, కాపీ ఐలా కమిషనర్‌కు, ఇంకో కాపీ మన ఇల్లు ఏ మున్సిపాలిటీలో ఉందో ఆ కమిషనర్‌కు పంపాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) వాళ్ల సమీర్ యాప్‌లోనూ ఫిర్యాదు వేయొచ్చు.

నిందించాల్సింది మున్సిపాలిటీనే అయినప్పుడు? హైదరాబాద్ జవహర్‌నగర్ డంపుయార్డు చుట్టూ ఉన్న కాలనీలది అదే పరిస్థితి, విశాఖ కాపులుప్పాడదీ అదే. చెత్త మున్సిపాలిటీది, యార్డు మున్సిపాలిటీది, ఫిర్యాదు తీసుకునే కౌంటరూ మున్సిపాలిటీదే. ఇక్కడ మున్సిపాలిటీ కూడా పీసీబీ ముందు ఒక అనుమతిదారే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. వ్యర్థాల ప్లాంటు నడపాలంటే దానికీ పీసీబీ అనుమతి ఉండాలి, షరతులు పాటించాలి. డంపుయార్డు వాసన మీద నేరుగా పీసీబీకే రాయడం సరైన దారి.

పట్టు అన్నాను కదా, అది అనుమతి పత్రంలో ఉంది. మన రాష్ట్రాల్లో పరిశ్రమ కట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ అని పీసీబీ రెండు అనుమతులు ఇస్తుంది. సీఎఫ్‌ఓ కాగితం చూస్తే ఆ యూనిట్ ఏ ఉత్పత్తి రోజుకు ఎంత చేయాలి, ఎన్ని చిమ్నీలు ఉండాలి, వాటి ఎత్తెంత, ఏ చోట స్క్రబ్బర్ (బయటికి వదిలే వాయువులను కడిగి శుద్ధి చేసే యంత్రం) పెట్టాలి, వ్యర్థజలం ఎక్కడికి పంపాలి, అనుమతి ఏ తేదీ వరకు చెల్లుతుంది, అన్నీ వరసగా ఉంటాయి. వాసన కొలిచే మీటరు లేకపోయినా ఈ షరతుల్లో ఒకటి తప్పినట్టు తేలితే చాలు. అనుమతి లేని ఉత్పత్తి చేస్తున్నా, స్క్రబ్బర్ ఆపేసి నడుపుతున్నా, గడువు దాటిపోయినా వాయు చట్టంలోని 31ఏ సెక్షన్ కింద పీసీబీ ఆ యూనిట్‌ను మూసేయమనొచ్చు, కరెంటు, నీళ్లు ఆపేయమని ఆదేశించొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో ఈ చట్టం కింద చాలా తప్పులకు జైలు పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. పెద్ద కంపెనీకి జరిమానా పెద్ద లెక్క కాదు. కరెంటు కట్ మాత్రం ఏ కంపెనీనైనా కదిలిస్తుంది.

ఆ సీఎఫ్‌ఓ మనకు ఎలా దొరుకుతుంది? సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో. పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలో పౌర సమాచార అధికారికి రాసి, ఫలానా యూనిట్ తాజా సీఎఫ్‌ఓ కాపీ, గత రెండేళ్ల తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, వచ్చిన ఫిర్యాదుల మీద తీసుకున్న చర్యల కాపీలు అడగాలి. 30 రోజుల్లో ఇవ్వాలి. "కాలుష్యం ఎందుకు ఆపడం లేదు?" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. కాగితం పేరు చెప్పి కాగితం అడగాలి.

ఇప్పుడు ఫిర్యాదు రాయడం. "గత కొన్ని నెలలుగా భరించలేని దుర్వాసన వస్తోంది, దయచేసి చర్యలు తీసుకోగలరు" అన్న వాక్యం నూటికి తొంభై ఫిర్యాదుల్లో ఉంటుంది. అది చదివిన ఇంజనీరుకు ఎప్పుడు రావాలో, ఎటు వెళ్లాలో, ఏం వెతకాలో తెలియదు. దాని బదులు ఇలా ఉందనుకోండి:

"నవంబరు 14, రాత్రి 11.40 నుంచి 1.15 వరకు. మా నాలుగో అంతస్తు వరండాలో నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన. గాలి వాయవ్యం నుంచి, చాలా మెల్లగా. కిటికీలు మూసినా హాల్లోకి వచ్చింది. మా అత్తగారికి దగ్గు మొదలై ఇన్‌హేలర్ వాడారు. ఇదే సమయంలో సి బ్లాకులో మూడు ఇళ్లవాళ్లు, వెనక కాలనీలో ఇద్దరు ఇదే వాసన చెప్పారు, వారి సంతకాలు జతచేశాం. నవంబరు 9, 11 తేదీల్లోనూ రాత్రి 11, 2 గంటల మధ్య ఇలాగే వచ్చింది."

ఇందులో ఏ కంపెనీ పేరూ లేదు, కావాలనే లేదు. మనకు తెలిసింది వాసన, టైము, గాలి దిక్కు మాత్రమే. ఆ మూడూ ఉంటే ఆ దిక్కులో ఆ టైములో ఏ యూనిట్ ఏ బ్యాచ్ నడిపిందో రిజిస్టర్లు తెరిచి చూసుకోవడం ఇంజనీరు పని. ఊహించి పేరు రాస్తే, ఆ ఒక్క యూనిట్‌కు వెళ్లి "అక్కడేమీ లేదు" అని ఫైలు మూసేస్తారు, పక్క యూనిట్ తప్పించుకుంటుంది. వాసనను దేనితోనో పోల్చి చెప్పడం చిన్నపిల్లల మాటలా అనిపించవచ్చు గానీ పని చేసేది అదే. కుళ్లిన గుడ్డు అంటే సల్ఫైడ్, చేపల కంపు అంటే అమైన్లు, రిమూవర్ వాసన అంటే అసిటోన్ లాంటి సాల్వెంటు. "ఏదో కెమికల్ వాసన" అంటే ఏదీ కాదు.

గాలి దిక్కు తెలియడానికి యాప్ అక్కర్లేదు. బాల్కనీలో అగరుబత్తి వెలిగిస్తే పొగ ఎటు వంగుతుందో చూడొచ్చు, గ్యాస్ లీకైన అనుమానం ఉంటే మాత్రం అగ్గిపుల్ల ముట్టుకోవద్దు. వీడియో వల్ల లాభం తక్కువ, వాసన అందులో కనిపించదు. పొగ కనిపిస్తుంటే మాత్రం తీయాలి. పీసీబీకి ఫోన్ వాసన వస్తున్నప్పుడే చేయాలి, పొద్దున కాదు. రాత్రి గస్తీ ఉన్నచోట వాళ్లు రాగలిగేది అప్పుడే. మెయిల్ కూడా ఆ రాత్రే పంపితే దాని మీద పడే టైమే సాక్ష్యం.

ఒక్కరు పది ఫిర్యాదులు చేయడం కంటే పది ఇళ్లవాళ్లు తలా ఒకటి చేయడం మేలు. ఒకే మనిషి పేరు పదేపదే కనిపిస్తే "ఆయనకు అలవాటే" అన్న ముద్ర పడుతుంది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి: పారిశ్రామికవాడ పక్క బస్తీల్లో ఫిర్యాదు చేయడం అపార్ట్‌మెంట్లలో చేసినంత తేలిక కాదు. ఇంట్లో ఒకరైనా అదే ఫ్యాక్టరీలో పని చేస్తుంటారు, ఇంటి ఓనరు అక్కడే కాంట్రాక్టరు అయి ఉంటాడు. ఎక్కువ పీల్చేదీ వాళ్లే, తక్కువ మాట్లాడగలిగేదీ వాళ్లే. అలాంటి చోట కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద, వ్యక్తుల పేర్లు లేకుండా ఫిర్యాదు వెళ్లాలి. ఫ్యాక్టరీ మూసేయమని కాదు, స్క్రబ్బర్ నడపమని అడుగుతున్నామన్నది అందులో స్పష్టంగా ఉండాలి.

అన్నీ చేసినా కదలకపోతే? సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఒక దారి. అక్కడ ఇచ్చిన అర్జీకి రసీదు వస్తుంది, కింది ఆఫీసు లిఖితంగా జవాబివ్వాలి. దానికంటే బలమైనది, జనం మరిచిపోయినది, ఆర్డీఓ ముందు వేసే పిటిషన్. పాత సీఆర్‌పీసీలో 133వ సెక్షన్‌గా ఉండి ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 152గా వచ్చిన నిబంధన కింద, సమాజ ఆరోగ్యానికి, సుఖానికి భంగం కలిగించే వ్యాపారాన్ని ఆపమనో, సరిచేయమనో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీఓ ఆదేశించవచ్చు. పక్కింటి ఆవులపాక మీద సొంత తగాదాకు ఇది పనికిరాదు, నలుగురికీ ఇబ్బంది ఉండాలి.

ఈ సెక్షన్ సత్తా ఏమిటో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం చూపించింది. అక్కడ న్యూ రోడ్డు వాసులు తెరిచిన మురుగు కాలువలు, మరుగుదొడ్లు లేక జనం రోడ్డు పక్కనే కూర్చోవడం, సారాయి ఫ్యాక్టరీ వదిలే కంపు నీళ్లు భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. ఆరు నెలల్లో ప్రణాళిక వేసి బాగు చేయమని మేజిస్ట్రేట్ మున్సిపాలిటీని ఆదేశించాడు. మున్సిపాలిటీ కాలువలు బాగుచేయడానికి బదులు పైకోర్టులకు వెళ్లింది, తన దగ్గర డబ్బు లేదంది. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదన కొట్టేశారు. డబ్బు లేదన్నది ప్రజల ఆరోగ్యం విషయంలో సాకు కాదని, పారిశుద్ధ్యం మున్సిపాలిటీ దయ కాదు, బాధ్యత అని తేల్చారు. ఇప్పటికీ "నిధులు లేవండీ" అని ఏ కమిషనర్ అన్నా చూపించదగ్గ తీర్పు అది. నలభై ఏళ్లు దాటినా మన ఊళ్లలో దాన్ని వాడుకునేవాళ్లు ఇంత తక్కువగా ఉండటం నాకు బాధగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకు మొదటి గడప స్థానిక కౌన్సిల్‌లోని పర్యావరణ ఆరోగ్య విభాగం. 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు వస్తే కౌన్సిల్ విచారించి తీరాలి, ఇబ్బంది నిజమని తేలితే ఆపమని నోటీసు ఇవ్వాలి. ఎప్పుడు, ఎంతసేపు, ఎంత ఘాటుగా వచ్చిందో డైరీ రాయమని మొదటే అడుగుతారు. అక్కడా పరిధి తగాదా లేకపోలేదు. న్యూకాసిల్ అండర్ లైమ్ దగ్గరి వాలీస్ క్వారీ చెత్త గుంత విషయంలో కౌన్సిల్ 2021లో నోటీసు ఇచ్చింది. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ మూసివేత ఆదేశం ఇచ్చేసరికి 2024 నవంబరు వచ్చింది.

మన దగ్గర ఆఖరి మెట్టు జాతీయ హరిత ట్రిబ్యునల్. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. లాయరు లేకుండా బాధితులే పిటిషన్ వేసుకోవచ్చు. పత్రికా వార్త, లెటరు ఆధారంగా ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకోవచ్చని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎల్జీ పాలిమర్స్ విషయంలో ట్రిబ్యునల్ మర్నాడే తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. అయితే ఇక్కడ గడువు కఠినంగా ఉంటుంది. వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోగా రావాలి, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. నష్టపరిహారం కోసమైతే ఐదేళ్లు. పీసీబీ జవాబు కోసం ఏడాది ఎదురుచూసి ఆ తర్వాత వెళ్తే మొదటి ప్రశ్నే ఆలస్యం మీద ఉంటుంది. కాబట్టి పీసీబీకి మొదటి మెయిల్ పంపిన తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, మూడో నెల దాటినా కదలిక లేకపోతే ఆర్‌టీఐలో వచ్చిన సీఎఫ్‌ఓ, సంతకాల కాగితాలు, వాసన డైరీ పట్టుకుని ట్రిబ్యునల్ పిటిషన్ పని మొదలుపెట్టాలి.